నూకరత్నం గారి గ్యాలన్ సీసా

మా ఎక్సైజు శాఖకి సారా వల్ల ఎప్పుడూ ఏ ముప్పూ రాలేదు. వచ్చిన ముప్పల్లా పేపరు చదవడం వల్ల వచ్చిందే.

ఎక్కడో సముద్రాల అవతల పాత విస్కీ సీసా ఒకటి వేలంలో కోట్లు పలికిందని ఒక ఆదివారం పేపర్లో పడింది. ఇలాంటివి పేపర్లో పడుతూనే ఉంటాయి. రెండు తలల దూడ పుట్టిందని కూడా పడుతుంది. దూడ సంగతి పశువుల శాఖవాళ్ళు చదివి, పేపరు మడిచి, పకోడీలు పొట్లం కట్టుకుంటారు. ఈ విస్కీ సంగతి మాత్రం మా పైవాళ్ళెవరో చదివి మడవలేకపోయారు. "మన దగ్గర మాత్రం పాత సీసాలు లేవా?" అని అడిగారట. పెద్దవాళ్ళు ఏదైనా అడిగితే జవాబు చెప్పే అలవాటు మా శాఖలో లేదు. కమిటీ వెయ్యడమే అలవాటు. అలా పుట్టింది పురాతన మద్య సంపద విలువ నిర్ధారణ మండలి. దానికొక చైర్మన్ గారు, చైర్మన్ గారికొక కారు, కారుకొక బోర్డు, బోర్డు మీద పట్టీపట్టకుండా ఆ పేరు.

నేను రేవుపాలెం ఎక్సైజు సూపరింటెండెంటు గారి ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. మందు ముట్టను. ముట్టనివాణ్ణి కాబట్టే గోడౌను తాళాలు నా మొలకి కట్టారు. మా సూపరింటెండెంటు కోదండపాణి గారు మనిషి మంచివారే కాని, ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ ఆయన ఉత్తర్వుల భాష తప్ప ఇంకో భాష మాట్లాడగా విన్నవాళ్ళు లేరు. ఇంట్లో కూడా "చారునందు ఉప్పు లోపించినట్లు గమనించబడినది" అంటారని వాళ్ళావిడే మా ఆవిడతో చెప్పుకుంది.

మండలి పుట్టగానే మా అందరికీ శిక్షణ పెట్టారు. పాఠం చెప్పడానికి హైదరాబాదు నుంచి చరణ్‌తేజ్ అని ఒక కుర్రవాణ్ణి రప్పించారు. పాత విస్కీలకి ధర కట్టి డబ్బున్నవాళ్ళ చేత కొనిపించడం అతని వృత్తి. నల్ల చొక్కా వేసుకుని, జుట్టు వెనక్కి ముడేసుకుని, మైకు పట్టుకుని అటూఇటూ తిరుగుతూ చెప్పాడు.

"సార్, సీసా సైజుని బట్టి వాల్యూ మారిపోద్ది. మామూలు ఫుల్ బాటిలుకే కొనేవాళ్ళు ఎక్కువ. ఎందుకంటే కలెక్టర్లంతా ఆ సైజే వరసగా పేర్చుకుంటారు."

కలెక్టర్లు అనగానే ముందు వరసలో ఇద్దరు లేచి నిలబడబోయారు. పాత వస్తువులు సేకరించేవాళ్ళని అర్థమయ్యాక సర్దుకుని కూర్చున్నారు.

"హాఫులూ క్వార్టర్లూ మొత్తమ్మీద తక్కువే పలుకుతాయి. కాని మిల్లీ లెక్కన చూస్తే ఒక్కోసారి చిన్నవాటికే రేటెక్కువ. గుప్పెట్లో పట్టే బుల్లి సీసాలకైతే వేరే పిచ్చోళ్ళున్నారు. మరీ పెద్ద సీసాలు దొరకడం అరుదు. కొనేవాడు దొరకడం ఇంకా అరుదు, ఇంట్లో ఎక్కడ పెట్టుకుంటాడు పాపం? ఇవన్నీ తర్వాత సంగతి సార్. అన్నిటికన్నా ముందు చూసేది సీలు, లేబులు, లోపల మట్టం..."

సరిగ్గా అప్పుడే హాలు తలుపు తీసుకుని బిర్యానీ వచ్చింది. సీలు, లేబులు, మట్టం ఆ వాసనలో కొట్టుకుపోయాయి. ఆ పూట ఉపన్యాసం మొత్తంలో మండలి చెవిని పడింది ఒకే ఒక్క ముక్క: చిన్నదానికి మిల్లీ రేటెక్కువ.

ఆ ముక్కే పట్టుకోవడానికి కారణం ఉంది. మా షాపుల్లో ఎప్పట్నించో నడుస్తున్న లోకజ్ఞానం అదే. నాలుగు క్వార్టర్లు కలిపినా ఒక ఫుల్లు నిండదు, ఇంకా ముప్పై మిల్లీ తక్కువే. అయినా ఆ నాలుగూ కొనేవాడు ఫుల్లు కొనేవాడికన్నా ఎక్కువ ఇచ్చుకుంటాడు. ఒక్కసారే ఫుల్లుకి పెట్టే స్తోమత లేక, కూలి డబ్బులు చేతిలో పడ్డప్పుడల్లా క్వార్టరు కొనుక్కునేవాడు షావుకారుకన్నా ఖరీదైన తాగుడు తాగుతాడు. ఖజానా నిండేది వాడి వల్లే. ఇంత అనుభవం ఉన్న శాఖకి హైదరాబాదు కుర్రాడు చెప్పింది కొత్త సంగతిలా అనిపించలేదు, మా తాతగారి మాటలా అనిపించింది.

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. "సీసా పరిమాణము సగమైనచో అందలి మిల్లీలీటరు విలువ రెట్టింపు కాగలదు" అని సూత్రం. ఒక ఫుల్లుని రెండు హాఫులు చేస్తే మొత్తం విలువ రెట్టింపు. నాలుగు చేస్తే నాలుగు రెట్లు. ఒక్క రూపాయి పెట్టుబడి లేదు. ఒక్క గరాటు చాలు.

కోదండపాణి గారు నన్ను పిలిచి గోడౌను తెరిపించారు. ఎప్పుడో ఒక జమీందారు బంగళా మీద దాడిచేసి పట్టుకున్న పాత ఫుల్లులు అందులో ఉన్నాయి. కేసు నడిచి నడిచి, వాదీ ప్రతివాదీ ఇద్దరూ పోయి, సీసాలు మాత్రం మాకు మిగిలాయి.

"ఈ సీసాలు విలువను పెంపొందించుకొనక నిష్క్రియముగా నిలిచియున్నవి" అన్నారాయన వాటిని బద్ధకపు గుమస్తాల్ని చూసినట్టు చూసి.

"సీలు ముఖ్యమన్నాడు కదండి ఆ కుర్రాడు?" అన్నాను.

"సూత్రమునందు సీలు ప్రస్తావన కలదా?"

"లేదండి."

"లేనిదానిని ఊహించుట గుమస్తా లక్షణము కాదు. పిట్ట కొంచెము, కూత ఘనము. సామెతలు ఊరక పుట్టవు."

సీలు తీశారు. హెడ్డు కానిస్టేబులు అప్పలకొండ గరాటు పట్టుకుంటే ఫుల్లులు తొంభై మిల్లీల నైంటీలయ్యాయి. ఆ వారం మా ఆఫీసులో హాజరు పెరిగింది. ఎన్నడూ పదకొండు లోపు రానివాళ్ళు కూడా గుమ్మం దగ్గర వేచి ఉండి, తలుపు తియ్యగానే లోపలికొచ్చి గట్టిగా ఊపిరి పీల్చుకునేవాళ్ళు. ఖాళీ సీసాల్ని మాత్రం చిన్న రోడ్డు రోలరు తెప్పించి పిండి కొట్టించాం. ఖాళీ సీసా బయటికి పోతే ఎవడో దొంగసరుకు పోసి అమ్ముతాడని మాకొక పాత నిబంధన ఉంది. లేబుళ్ళూ, బొమ్మలూ, పైనున్న బంగారు రంగు అక్షరాలూ అన్నీ గాజుపొడిలో కలిసిపోయాయి.

పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు, పక్క జిల్లావాళ్ళు మమ్మల్ని చూసి తమ సరుకు ఇంజక్షన్ సీసాల్లోకి దించారు. ఒక్కసారిగా వాళ్ళ విలువ మమ్మల్ని దాటేసింది. కోదండపాణి గారు ఆ పూట మజ్జిగ కూడా ముట్టుకోలేదు. మర్నాడు మేం కంటి చుక్కల సీసాల్లోకి దించాం. వాళ్ళింకా చిన్నవి వెతికారు. అప్పుడు మా సూపరింటెండెంటు గారికి మా ఊరి హోమియో డాక్టరు గుర్తొచ్చాడు.

డాక్టరు గారు ఉత్తర్వు అంతా చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "సరుకు తగ్గేకొద్దీ శక్తి పెరుగుద్దన్నది మా సిద్ధాంతవేనండి. ఇన్నాళ్ళకి గవర్నమెంటు ఒప్పుకుంది" అన్నాడు గద్గదంగా.

అలా జమీందారు గారి విస్కీ పంచదార గుళికల్లోకి చేరింది. గుళిక ఒక్కింటికి ఒక చుక్క, చుక్కలో వందో వంతు విస్కీ. మండలి సూత్రం ప్రకారం లెక్కగడితే, మా బీరువాలో రెండో అరలో ఉన్న సరుకు విలువ జిల్లా మొత్తం పొలాల విలువని దాటింది. మండలి కోదండపాణి గారికి శాలువా పంపింది. "ఇదే లెక్కన అసలు విస్కీయే లేకుండా చేస్తే విలువకి అంతుండదు కదండి?" అని నేను వినయంగానే అడిగాను. ఆయన నా వంక ఆలోచనగా చూసి, "అది రెండవ దశ" అన్నారు.

ఇక్కడిదాకా కథని నవ్వుకుని వదిలెయ్యొచ్చు. మిగతాది చెప్పాలంటే నూకరత్నం గారి సంగతి చెప్పాలి.

పాత సీసాలు ఎవరి దగ్గరున్నా ఆఫీసుకి తెచ్చి నమోదు చేయించుకోవాలని ఊళ్ళో దండోరా వేయించాం. మామూలుగా ఇలాంటి దండోరాకి ఎవరూ రారు. ఒక్క నూకరత్నం గారు వచ్చారు. ఆవిడ బాలికల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయ్యారు. చెప్పిన టైముకి రావడం, చెప్పిన చోట నిలబడడం ఆవిడ ఒంట్లోనే ఉంది. ఆటోలోంచి దిగి, చంటిబిడ్డని ఎత్తుకొచ్చినట్టు, తుండుగుడ్డలో చుట్టిన ఒక పెద్ద సీసాని రెండు చేతులా పట్టుకొచ్చి మా బల్ల మీద పెట్టారు.

గుడ్డ తియ్యగానే అప్పలకొండ "అమ్మ బాబోయ్" అన్నాడు. మామూలు సీసా కాదది. ఆరు ఫుల్లులు పట్టే గ్యాలన్ సీసా. వంచి పోసుకోవడానికి వీలుగా ఇత్తడి ఉయ్యాలలో కూర్చుంది. మెడకి ఎర్ర లక్క సీలు, దానిమీద ఓడ ముద్ర.

"ఇది మా నాన్నగారిదండి. రాసుకోండి. రాసుకున్నాక తీసుకెళ్ళిపోతాను" అన్నారావిడ.

వాళ్ళ నాన్నగారు కాకర్ల గంగరాజు గారు మా రేవులో పైలట్‌గా చేశారు. పైలట్ అంటే విమానం నడిపేవాడు కాదు. బయటినుంచి వచ్చిన ఓడ ఎక్కి, ఇసుక మేటలకి తగలకుండా దారి చూపించి రేవులోకి తెచ్చేవాడు. ఓడలవాళ్ళతో సావాసం కాబట్టి ఎక్కితే గ్లాసు, దిగితే గ్లాసు. నూకరత్నం గారు పుట్టిన పూట ఆయన ఆస్పత్రి మెట్ల మీద ఒళ్ళు తెలీకుండా పడున్నారు. తెలివొచ్చాక పిల్లని ఎత్తుకోబోతే భార్య ఇవ్వలేదు. "మానేస్తానంటే ఇస్తాను" అంది. మానేస్తానని పిల్ల తలమీద చెయ్యేసి చెప్పారు. ఆ మాట తడారకముందే తుపానులో ఒక స్కాట్లండు ఓడని మేటెక్కకుండా కాపాడారు. దాని కెప్టెను సంతోషం పట్టలేక ఈ గ్యాలన్ సీసా తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు.

ఆయన దాన్ని తిప్పి పంపలేదు, పారబొయ్యలేదు, దాచుకోనూ లేదు. వీధి గదిలో అద్దాల బీరువాలో అందరికీ కనిపించేట్టు పెట్టారు. పోయేదాకా ఎవరు ఇంటికొచ్చినా "ముందు సీలు చూసి, తర్వాత కూర్చోండి" అనేవారట. మా ఊరు నమ్మిందా అంటే, ఊరు అంత తేలిగ్గా నమ్మితే అది ఊరెందుకవుతుంది? అడుగున చిల్లు పెట్టి తాగేసి, టీ డికాషను పోసి, లక్క పూసుంటాడన్నారు. గంగరాజు గారి పేరుకి ముందు 'గ్యాలన్' అని తగిలించారు. నూకరత్నం గారు డ్రిల్లు చేయిస్తుంటే వెనక వరస పిల్లలు కూడా ఆ మాటే గొణుక్కునేవాళ్ళు. అన్నీ విన్నారావిడ. ఆవిడ దగ్గరున్న సాక్ష్యమల్లా ఆ లక్క ముద్ర ఒక్కటే.

కోదండపాణి గారు సీసా చుట్టూ ప్రదక్షిణంలా తిరిగారు. మాకు తెలిసిన సైజుల్లో గ్యాలన్ లేదు. ఇంట్లో మూడు సీసాల దాకా ఉంచుకోవచ్చని నిబంధన. ఇది ఒక సీసాగా లెక్కకొస్తే ఆవిడ నిర్దోషి, ఆరుగా లెక్కకొస్తే నేరస్థురాలు. మండలికి ఫోను చేశారు. చైర్మన్ గారు ఆలోచించి, సీసా పుట్టుక చేత ఒకటి, స్వభావం చేత ఆరు అని తీర్పు చెప్పారు.

"కావున దీనిని సంరక్షణార్థము శాఖ స్వాధీనపరచుకొనుచున్నది" అన్నారు కోదండపాణి గారు. "ఇంత పెద్ద పరిమాణము సూత్రరీత్యా మిక్కిలి అల్పమైన విలువ గలది. విభజించినచో రాష్ట్రములోనే అత్యధిక వృద్ధి నమోదు కాగలదు. చైర్మన్ గారి సమక్షమున సీలు తొలగించు ఉత్సవము జరుపబడును. వచ్చిన మొత్తములో తమకును వాటా కలదు."

"వాటా నాకెందుకండి? సీలు తియ్యకండి" అన్నారు నూకరత్నం గారు.

"తీయనిచో విలువ యెట్లు పెరుగును?"

"దాని విలువంతా అదేనండి. మా నాన్నగారు ముట్టలేదన్న మాట."

"మాటకు మిల్లీలీటర్లలో కొలత లేదమ్మా."

ఆవిడ తుండుగుడ్డ మడిచి చేతిలో పట్టుకుని, గుమ్మం దగ్గర ఒక్కసారి వెనక్కి తిరిగి సీసా వైపు చూసి వెళ్ళిపోయారు. ఏనాడూ గవర్నమెంటు మాట జవదాటని మనిషి, ఎవరూ రాని దండోరాకి వచ్చినందుకు ఆవిడకి మేం చేసిన మర్యాద అది. నాకు సిగ్గేసింది. తాళాలు నా దగ్గరే ఉన్నాయి కాని, తాళాలతో పాటు ధైర్యం ఇవ్వలేదు మా శాఖవాళ్ళు.

ఉత్సవం రోజున ఆఫీసు ముందు షామియానా వేశాం. ఊరు ఊరంతా దిగింది. గంగరాజు గారి సీసాలో విస్కీ ఉందా, డికాషను ఉందా అన్నది రెండు తరాల పందెం. పందేలు కట్టినవాళ్ళ మనవలు కూడా వచ్చారు. నూకరత్నం గారు మొదటి వరసలో, వీపు నిటారుగా పెట్టి, పరేడ్‌లో కూర్చున్నట్టు కూర్చున్నారు.

చైర్మన్ గారితో పాటు చరణ్‌తేజ్ కూడా వచ్చాడు. తను చెప్పిన పాఠం ఎలా అమలవుతోందో చూడాలని ముచ్చటపడ్డాడు. బీరువా తీసి గుళికల డబ్బాలు చూపించాను.

"ఇవేంటి?"

"జమీందారు గారి పాత విస్కీ అండి."

"మరి సీసాలేవి?"

"పిండి కొట్టించామండి."

అతను అక్కడున్న స్టూలు మీద కూర్చుండిపోయాడు. "నేను చెప్పింది మొదట్నుంచీ చిన్నగా పుట్టిన సీసా గురించండీ. పెద్దదాన్ని కోసి చిన్నది చెయ్యమనలేదు. సీలు పోతే కలెక్టరు మొహం కూడా చూడడు" అన్నాడు నీరసంగా. అంతలో బల్ల మీది గ్యాలన్ సీసా కంటబడింది. దగ్గరికెళ్ళి, చెయ్యి తగలకుండా వంగి, సీలు చూశాడు, మట్టం చూశాడు, ఉయ్యాల సందుల్లోంచి అడుగు చూశాడు. "ఇలాంటి పెద్దది, సీలుతో, ఇంతవరకూ నేను ఫొటోలోనే చూశాను. దీన్ని కదపకండి" అన్నాడు చైర్మన్ గారితో.

చైర్మన్ గారు ఏ ఎండకా గొడుగు పట్టగల మనిషి. ఒక్క నిమిషం కూడా తడుముకోకుండా మైకు అందుకున్నారు. "మండలి తన సూత్రమును సవరించుచున్నది. పరిమాణము పెరిగినకొద్దీ విలువ పెరుగును. పెద్దదే పెద్దది. కాని ఈ సీసా మెడ వద్ద కొంత వెలితి కానవచ్చుచున్నది. పరిమాణము సంపూర్ణము గావలెను కనుక, సీలు తొలగించి, మన నిల్వలోని విస్కీతో దీనిని నింపవలెను."

"అది గుళికలైపోయిందండి" అన్నాన్నేను.

"గుళికలను పిండుటకు ఉపసంఘమును నియమించెదము."

పొద్దున్న విభజించడానికి తియ్యాల్సిన సీలు, ఇప్పుడు నింపడానికి తియ్యాలి. సూత్రం తలకిందులైనా సీలుకి మాత్రం తప్పలేదు.

వెలితి అన్న మాట జనం చెవిన పడింది. నిజమే, మట్టం మెడ కిందికి నాలుగు వేళ్ళు దిగుంది. వెనకనుంచి ఒకడు అరిచాడు. "మా తాత చెప్పనే చెప్పాడెహె! తగ్గిందిగా! ఎవరు తాగేరు మరి?"

షామియానా అంతా గొల్లున నవ్వింది. నూకరత్నం గారి చేతిలో తుండుగుడ్డ నలిగిపోతోంది. ఇన్నేళ్ళూ రోజూ తుడిచిన మనిషికి ఆ వెలితి తెలీకుండా ఉంటుందా? తెలుసు. దానికి జవాబే తెలీదు. ఆవిడ మొహం చూసి నేనే లేచి ఏదో ఒకటి అరుద్దామనుకున్నాను.

చరణ్‌తేజ్ నాకన్నా ముందే మైకు లాక్కున్నాడు. "నవ్వకండి! సీలున్నా కార్కు ఊపిరి పీలుస్తుంది. ఏడాదికింత ఏడాదికింత గాల్లోకి పోతుంది. ఇన్నేళ్ళ సీసాలో ఒక్క చుక్క తగ్గకపోతే అప్పుడు అనుమానించాలి, ఎవడో తాగి మళ్ళీ నింపాడని. ఇది ఎంత తగ్గాలో అంతే తగ్గింది. అడుగున చిల్లు లేదు, లక్క పాతది, ముద్ర చెరగలేదు. దీన్ని ఎవరూ తెరవలేదు. నా వృత్తి మీద ఒట్టు."

కోదండపాణి గారు గొంతు సవరించుకున్నారు. సీలు తియ్యబోయేముందు పంచనామా రాసి, ఇద్దరు పెద్దమనుషుల ముందు పైకి చదవాలని మాకు నియమం. పోస్టుమాస్టరు గారూ హోమియో డాక్టరు గారూ చెరో పక్కన నిలబడ్డారు. కుర్రాడు చెప్పిన ముక్క అక్కడికక్కడే కాగితంలో చేర్చి, కోదండపాణి గారు చదవడం మొదలుపెట్టారు. మైకులో ఆ గొంతు సంత దాకా వినబడింది.

"రేవుపాలెం నివాసి, కీర్తిశేషులు కాకర్ల గంగరాజుకు చెందిన ఈ సీసాను పంచాయతుదారుల సమక్షమున పరీక్షించగా, సీలు చెక్కుచెదరక యున్నదనియు, వెలితి కాలక్రమమున గాలి వలన ఏర్పడినదే గాని మానవ ప్రమేయము వలన గాదనియు, సదరు గంగరాజు ఈ సీసా తన ఇంట నున్న యావత్కాలమునందును ఇందలి ద్రవమును ఒక్క చుక్కయైనను..."

అక్కడ ఆయన ఆగారు. కాగితంలో ఇంకా ఉంది. ఒకసారి తలెత్తి నూకరత్నం గారి వంక చూశారు. ఆవిడ నిలబడ్డారు, చేతులు రెండూ పక్కలకి దించి, జెండా ఎగరేస్తున్నప్పుడు నిలబడేట్టు. కళ్ళనీళ్ళు కారిపోతున్నా తుడుచుకోవడం లేదు.

"...ముట్టియుండలేదని ధ్రువీకరించడమైనది" అని చదివారు కోదండపాణి గారు నెమ్మదిగా.

ఊరు అది విన్నది. తాతలు కట్టిన పందేలు గవర్నమెంటు మైకులో తేలిపోయాయి. ఇందాక అరిచినవాడు తలొంచుకుని కాళ్ళవైపు చూసుకుంటున్నాడు.

"ఇంక తొలగింపుడు" అన్నారు చైర్మన్ గారు.

"అప్పలకొండా, కార్కు తీయు పరికరము తెమ్ము" అన్నారు సూపరింటెండెంటు గారు.

అప్పలకొండ దగ్గర మెలికల పిన్నున్న మడత చాకు ఎప్పుడూ ఉంటుంది. సర్వీసులో ఎన్ని వేల కార్కులు తీశాడో వాడికే తెలీదు. వాడు చెయ్యి ప్యాంటు జేబులో పెట్టి, అక్కడే ఉంచేసి, "లేదండి బాబూ" అన్నాడు.

కోదండపాణి గారు సబిన్‌స్పెక్టరు వంక చూశారు. అతను ఆకాశం వంక చూశాడు. ఆయన జనం వంక చూశారు. పంటితో మూత తీసేసే మొనగాళ్ళు ఆ షామియానా కింద కనీసం వందమంది ఉన్నారు. ఒక్కడూ కదల్లేదు. చైర్మన్ గారే ముందుకొచ్చి సీలు మీద చెయ్యి వెయ్యబోయారు. వెయ్యబోయి, నూకరత్నం గారి వంక చూసి, ఆ చేత్తో తన కండువా సర్దుకున్నారు.

"ఏం చేయుదము?" అన్నారాయన మైకు పక్కకి పెట్టి, చిన్నగా.

కోదండపాణి గారు నా వైపు తిరిగి చెప్పుకుపోయారు, నేను రాసుకుపోయాను. "పురాతన కార్కును తొలగించుటకు తగిన పరికరము జిల్లాయందు అలభ్యమగుటచే ఉత్సవము వాయిదా వేయబడినది. పరికరము సమకూరునంతవరకు సీసా శ్రీమతి నూకరత్నం సంరక్షణలో నుంచబడును. పరికరమునకు టెండర్లు పిలువబడును. అది సీలునకు హాని కలుగకుండ కార్కును తీయగలదై యుండవలెను."

చైర్మన్ గారు చదివారు. అలాంటి పరికరం లోకంలో ఉండదని ఆయనకీ తెలుసు. సంతకం పెట్టారు.

నూకరత్నం గారు తుండుగుడ్డ విప్పి సీసాని చుట్టుకుంటుంటే, ఎవరూ చెప్పకుండానే జనం రెండు పక్కలకీ తప్పుకుని దారిచ్చారు. అప్పలకొండ ఆటో దాకా మోసుకెళ్ళి, ఆవిడ ఒళ్ళో పెట్టి, "జాగర్తండి, మెల్లిగా పోనివ్వరా" అని డ్రైవర్ని కసిరాడు.

దాంతో అయిపోయిందనుకున్నాం. కాని మా ఊరు దేన్నీ అయిపోనివ్వదు. గంగరాజు గారిని గ్యాలన్ గంగరాజు అన్నవాళ్ళ కోడళ్ళే ఇప్పుడు మొగుళ్ళని వెంటబెట్టుకుని నూకరత్నం గారింటికి వెళ్తున్నారు. "ముందు సీలు చూడు, తర్వాత నాతో మాట్లాడు" అంటున్నారట. కొందరు అక్కడే పిల్లల తలమీద చెయ్యేయించి మాట తీసుకుంటున్నారు. మాట ఇచ్చినవాళ్ళంతా నిలబెట్టుకోలేదు, కొందరు వీధి మలుపు తిరగ్గానే తప్పారు. కొందరు నిలబెట్టుకున్నారు. ఆ వీధి షాపులో క్వార్టర్లు కదలడం మానేశాయి.

మండలి ఊరుకుంటుందా? మెమో పంపింది. రేవుపాలెం మూడవ వార్డులో అమ్మకములు ఏల పడిపోయినవి, ప్రభుత్వ ఆదాయమునకు ఈ నష్టము కలిగించిన బాధ్యుల పేరు, హోదా వెంటనే తెలుపవలెను, లేనిచో సూపరింటెండెంటు పైననే చర్య తీసుకొనబడును అని.

మెమో పట్టుకుని కోదండపాణి గారి గదిలోకి వెళ్ళాను. ఆయన చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, కిటికీలోంచి రేవు వైపు చూశారు.

"బాధ్యుల పేరు ఏం రాయమంటారండి?" అని అడిగాను.

"కాకర్ల గంగరాజు, పైలట్, అని రాయి" అన్నారు. నేను రాసి కాగితం అందించాను. సంతకం పెట్టబోయి ఆగి, మా శాఖ ఉత్తర్వుల్లో ముద్దాయి పేరు పక్కన ఎన్నడూ రాయని 'గారు' తన చేత్తో చేర్చి, అప్పుడు సంతకం పెట్టారు.